వెనక గుమ్మంలో కూలర్

మొన్న మా అపార్టుమెంటు కింద అందరినీ పోగుచేశారు. నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో నేర్పడానికి ఫైర్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఎర్ర సిలిండరు పిన్ను ఎలా లాగాలో, మంట మొదట్లోకి ఎలా కొట్టాలో చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. ఆఖర్న వాళ్ళలో పెద్దాయన మెట్లెక్కి చూసి, దారికి అడ్డంగా ఉన్న చెప్పుల స్టాండ్లూ పాత సైకిళ్ళూ తీయించమన్నాడు. ఒక మలుపులో గోడకి ఆనించిన పరుపు కూడా ఉంది. అది మా ఎదురింటి వాళ్ళది.

"భాయీసాబ్, ఆగ్ రోజ్ రోజ్ థోడీ లగ్తీ హై?" అన్నాడు ఎదురింటాయన. నిప్పేమైనా రోజూ అంటుకుంటుందా అని.

అందరూ నవ్వారు. నాకు మటుకు నవ్వు రాలేదు. అదే మాటని మా యాసలో మా నాన్న నోట విన్నదాన్ని నేను.

అప్పుడు మేం భిలాయిలోనే క్యాంప్ వన్ బస్తీలో ఉండేవాళ్ళం. నేను ఐదో క్లాసో, ఆరో. నాన్నకి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం. శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా ఇల్లు ముందొక గది, వెనకొక గది, ఆ వెనక చిన్న వంటిల్లు. ముందు గుమ్మం వరండాలోకి తెరుచుకునేది. వెనక గుమ్మం వంటింట్లోంచి సన్నటి గల్లీలోకి. పైన నాటు పెంకులు. ప్లాంటు సైరన్ని బట్టి అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి ఎర్రబారేవి. పొద్దుగూకాక కరిగిన చిట్టెం పారబోసే వేపు ఆకాశం ఒక్కసారి నారింజ రంగులోకి మారేది. ఊరినుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు భయపడితే, మేం అన్నీ తెలిసిన పెద్దవాళ్ళలాగా "ఏటీ కాదు, స్లాగు" అని చెప్పేవాళ్ళం.

అత్త మా ఇంటికి వచ్చింది నాకు ఊహ తెలిశాకనే. నాన్నకి అప్ప, అంటే అక్క. సముద్రం ఒడ్డున ఊళ్ళో ఉండేది. తుపానులో ఇల్లూ, మావయ్యా పోయాక నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూ ఉండేది. ఎండు నెత్తళ్ళు వేసి వంకాయ కూర ఆమె వండితే ఆ వాసనకి గల్లీ చివర్న ఆడుకుంటున్న వాళ్ళం కూడా ఇంటికొచ్చేసేవాళ్ళం. కుంకుడుకాయలు చితగ్గొట్టి నాకు తలంటేది. ఆమె చేతులు నల్లగా, గట్టిగా ఉండేవి. జడ వేస్తే మర్నాటి వరకూ ఒక్క వెంట్రుక కదిలేది కాదు.

ఆమె మంచం కింద రేకుపెట్టె ఒకటి ఉండేది. అందులో అటుకులు, బెల్లం, ఉప్పు, మైనం రాసిన గుడ్డలో చుట్టిన అగ్గిపెట్టెలు, చిన్న లాంతరు, కొబ్బరి తాడు చుట్ట, ఉతికి మడతపెట్టిన పాత పంచెలు. అటుకులు పాతబడకుండా అప్పుడప్పుడూ మార్చేది. మార్చిన రోజు మాకు పండగ. పాత అటుకులు నీళ్ళు చల్లి, బెల్లం తరిగి, కొబ్బరి కోరి కలిపి పెట్టేది. మార్చని రోజుల్లో కూడా నేనూ తమ్ముడూ మంచం కింద దూరి గుప్పెడు తీసుకునేవాళ్ళం. ఆమెకి తెలిసేది. "ఎలకలు బాగా బలిసినాయే మనింట్లో" అనేది అమ్మతో, మాకు వినబడేలాగ.

ఇంకొకటి ఉండేది. మేం అన్నం తింటూనో, హోంవర్కు చేసుకుంటూనో ఉంటే ఉన్నట్టుండి "నీరొచ్చీసింది!" అని అరిచేది. ఉన్నవి ఉన్నట్టు వదిలేసి, చేతులు పట్టుకుని, వెనక గుమ్మంలోంచి గల్లీలోకి పరుగెత్తి బోరింగు దగ్గర నిలబడాలి. ఒక రోజు "నీరొచ్చీసింది", ఇంకో రోజు "నిప్పంటుకుంది". నేను ఒకసారి రిబ్బను కోసం వెనక్కి వెళ్ళాను. వీపు మీద ఒక్కటేసింది.

"ఎనక్కి ఎల్లకూడదు. దేనికీ ఎల్లకూడదు. తెలిసిందేటే గుంటా?"

గల్లీలో పిల్లలందరికీ ఇదొక ఆట అయిపోయింది. ఛత్తీస్‌గఢీ పిల్లలూ, ఒడియా పిల్లలూ మాతో పాటు బోరింగు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. వాళ్ళంతా ఆమెని వాళ్ళ భాషలో బువా, అంటే అత్త, అనేవాళ్ళు. పెద్దవాళ్ళు మటుకు నవ్వుకునేవారు. నాన్న కూడా నవ్వేవాడు.

"అప్పా, ఇక్కడికి సముద్రం రావాలంటే ముందు టిక్కెట్టు కొనుక్కోవాల."

"నవ్వరా, నవ్వు. మా ఊళ్ళోన కూడా నవ్వినారు" అనేది అత్త. అంతకు మించి తుపాను గురించి ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ ఏడు ఎండలు ముందుగానే ముదిరాయి. భిలాయి ఎండ తెలిసిన వాళ్ళకి తెలుసు. పదింటికే వీధులు ఖాళీ. వడగాలి కొడితే కళ్ళు మండిపోయేవి. జేబులో ఉల్లిపాయ లేకుండా మమ్మల్ని బయటికి పంపేవారు కాదు. కాల్చిన మామిడికాయ పానకం, ఉప్పేసిన మజ్జిగ, పొద్దున్నే చద్దన్నం. మేం కాకీ అని పిలిచే పక్కింటావిడ కూడా అదే తినేది, బోరేబాసీ అని. ఎన్ని చేసినా తమ్ముడికి ఎండ పడేది కాదు. వాడికి నాలుగేళ్ళు నిండలేదు. ఒళ్ళంతా చెమటకాయలు. ఒక మధ్యాహ్నం వాంతులు చేసుకుని కళ్ళు తేలేశాడు. అమ్మ వాణ్ణి తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఆ నెల జీతం రాగానే నాన్న పవర్ హౌస్ బజారు నుంచి రిక్షా మీద కూలర్ తెచ్చాడు.

మా లైన్లో అదే మొదటి కూలర్. రేకు డబ్బా, మూడు పక్కలా వట్టివేళ్ళ తడికెలు, ముందు ఫ్యాను. నీళ్ళు పోసి స్విచ్ వేస్తే వట్టివేళ్ళ వాసన ఇల్లంతా నిండిపోయింది. తమ్ముడు దాని ముందు నిలబడి నోరు తెరిచి "ఆ…" అని అరిచేవాడు, గొంతు వణుకుతూ వినబడుతుందని. పక్కింటి పిల్లలు వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. కూలర్‌కి బయటిగాలి కావాలి. ఇంట్లో ఉన్న కిటికీ ఒక్కటే, వరండాలోకి, అదీ చాలా చిన్నది. ఆ వరండాలో కాకీ మొగుడు, పక్కింటి కాకా వ్యాపారం. ఆయన రజాయీలు, అంటే దూది బొంతలు కుడతాడు. చలికాలానికని వేసవిలోనే పత్తి కొని, మా వరండా దాకా మూటలు పేర్చేవాడు. అక్కడ కూలర్‌కి చోటు లేదు. నాన్న వెనక గుమ్మం తలుపు ఊడదీసి, గల్లీలో ఇటుకల మీద స్టాండు వేసి, కూలర్‌ని గుమ్మంలో బిగించాడు. చుట్టూ ఖాళీల్లో చెక్కలు కొట్టి, గోనె కుక్కి, కదలకుండా ఇనప తీగ కట్టాడు.

అత్త బియ్యం చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, ఎనక గుమ్మం మూసీకూడదురా."

"వేసవయిపోతే తీసీద్దుం అప్పా."

"ముందు గుమ్మం నిండా ఆ పత్తి ఉంది. ఏదైనా అయితే ఎటెల్తారు? గోడకి కన్నం కొట్టించి అందులో ఎట్టుకో. గుమ్మం మనుషులు ఎల్డానికి."

"ఇల్లు మనదేటప్పా? ఇంటాయన ఒప్పుకోవాల. వచ్చే ఏడు సూద్దుం."

ఆమె వదల్లేదు. రోజూ ఏదో ఒక వేళ ఆ మాట ఎత్తేది. ఒక సాయంత్రం నాన్న షిఫ్టు నుంచి అలిసి వచ్చి ఉన్నాడు. కోప్పడలేదు. కానీ ఆమె ముందు చాప మీద కూర్చుని అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నిప్పేటి రోజూ అంటుకుంటాదేటప్పా? నీ నిప్పు ఎప్పుడొస్తాదో తెల్దు, వస్తాదో రాదో తెల్దు. ఈ ఎండ రోజూ వస్తంది. మొన్న గుంటడు ఎలాగయిపోనాడో నువ్వే సూసినావు కదా. రెంట్లోన దేనికి అడ్డం పడమంటావు నన్ను?"

అత్త తమ్ముడి వేపు చూసింది. వాడు కూలర్ ముందు చల్లగా నిద్రపోతున్నాడు. మళ్ళీ ఆమె ఆ ఊసు ఎత్తలేదు. ఆ రోజునుంచి "నీరొచ్చీసింది" ఆట కూడా ఆగిపోయింది. పరుగెత్తడానికి గుమ్మం లేదు కదా.

ఆమె మటుకు ఆ కూలర్ గాలికి పడుకునేది కాదు. ముందు గదిలో, తలుపు దగ్గర, ఉక్కలో కూర్చుని విసనకర్రతో విసురుకునేది. మొండితనం అనుకునేది అమ్మ.

నిప్పు మధ్యాహ్నం అంటుకుంది. ఎవరి వంట స్టవ్వు నిప్పో, ఎవరు పారేసిన బీడీయో, ఎవరికీ ఇప్పటికీ తెలియదు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మా, నేనూ, తమ్ముడూ వెనక గదిలో నిద్రపోతున్నాం. కూలర్ హోరులో బయట జనం వేస్తున్న కేకలు మాకు వినబడలేదు. నన్ను లేపింది అత్త. జుట్టు పట్టి లేపిందనే గుర్తు. గదిలో పొగ. పత్తి కాలిన ఆ చేదు కంపు ఇంకా నా ముక్కులో ఉంది. ముందు గది తలుపు సందుల్లోంచి ఎర్రగా వెలుగు కనబడుతోంది. ఆమె అప్పటికే ఒకసారి తలుపు తీసి, మంట చూసి, మూసేసి వచ్చింది.

"అటు ఎల్లకండి! ఎనక్కి, బేగి!"

వంటింట్లోకి వచ్చి ముందు కూలర్ ప్లగ్గు పీకింది. తన పైట చింపి కూలర్ నీళ్ళలో ముంచి మా ముక్కులకి అడ్డం పెట్టమంది. అమ్మ ఉన్నట్టుండి బీరువా వేపు పరుగెత్తింది.

"ఒగ్గీయే! పేనం కంటే ఎక్కువేటే అది!"

అమ్మ ఆగిపోయింది. ఆ గొంతు అలాంటిది. నేను తమ్ముడి చెయ్యి పట్టుకుని గోడకి అతుక్కున్నాను. వాడు ఏడవడం కూడా లేదు. పెద్ద పెద్ద కళ్ళతో అత్తని చూస్తున్నాడు.

నాన్న పని గట్టిగా చేసేవాడు. చెక్కలు మేకులతో బిగించి ఉన్నాయి. అత్త రుబ్బురోలు పొత్రంతో కొట్టింది, చేతులతో పీకింది. ఒక చెక్క ఊడింది. ఆ సందులో రెండు చేతులూ దూర్చి కూలర్ రేకుని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపడం మొదలుపెట్టింది. తీగ తెగలేదు. అమ్మ కూడా వచ్చి భుజంతో నెట్టింది. గల్లీలో జనం చేరారు. అటునుంచి ఎవరో ఇటుకలు లాగేస్తున్నారు. "బువా, ఔర్ ధక్కా మారో!" అని, ఇంకా గట్టిగా నెట్టమని కేకలు. పైన పెంకులు పగులుతున్న చప్పుడు. రేకు అంచుల మీంచి ఎర్రగా కారుతోంది. అది తుప్పు నీళ్ళనుకున్నాను నేను.

ఒక్కసారిగా కూలర్ గల్లీలోకి పడిపోయింది. నీళ్ళూ, వట్టివేళ్ళూ, ఇటుకలూ. మమ్మల్ని దాని మీంచి దాటించారు. నేను తమ్ముణ్ణి లాక్కుంటూ బోరింగు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ అప్పటికే గల్లీ పిల్లలంతా నిలబడి ఉన్నారు. కాకా పిల్లలు కూడా. ఎవరూ చెప్పకుండానే అక్కడికి వచ్చి చేరారు. అందుకే తల్లులు ఎవరి పిల్లల్ని వాళ్ళు వెంటనే చూసుకోగలిగారు. లోపలున్నారేమోనని మంటలోకి పరుగెత్తే పని ఎవరికీ పడలేదు.

అత్త ఆఖర్న వచ్చింది. పిల్లల తలలు లెక్క చూసుకుంది. అప్పుడు కూలబడింది.

మనుషులెవరికీ ఏమీ కాలేదు. కాకా బతుకుతెరువు మొత్తం బూడిదయింది. మా ముందు గది కప్పు కూలిపోయింది. అత్త రేకుపెట్టె, అందులో జాగ్రత్త చేసినవన్నీ, దాని కిందే పోయాయి. నాన్న కబురు తెలిసి హెల్మెట్టు తియ్యకుండానే సైకిలు మీద వచ్చాడు. అప్పటికి అమ్మ తన చీర చింపి అత్త చేతులకి కట్టింది. కట్టంతా తడిసిపోయి ఉంది. నాన్న ఎదురుగా నిలబడిపోయాడు.

"గుంటలిద్దరూ బాగున్నార్రా" అంది అత్త.

పెద్దాసుపత్రిలో కుట్లు వేశారు. రేకు లోపలి నరాలు తెంపేసిందన్నారు. గాయాలు మానాయి గాని వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. కొన్ని వంకరగా అలాగే ఉండిపోయాయి. ఇల్లు బాగయ్యే వరకూ మేం నందిని గనుల కాలనీలో చిన్నాన్న ఇంట్లో ఉన్నాం. సున్నపురాయి దుమ్ము పట్టిన ఆ వరండాలో అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అంతవరకు ఆమెను ఖాళీగా చూడలేదు నేను. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. తల దువ్వేది. అంతకు ముందు వాళ్ళిద్దరి మధ్య ఉన్న చిన్న చిన్న పేచీలు ఏమయ్యాయో గాని, అమ్మ ఆమెకి స్నానం చేయిస్తూ ఏడవడం నేను చూశాను.

"ఏటే మరదలా, సన్నీళ్ళు సాలవనేటి, కన్నీళ్ళు కూడా పోస్తన్నావు" అని నవ్వించేది అత్త.

వానలు దగ్గర పడుతున్నాయని ఇంటాయన తొందరగా కప్పు వేయించాడు. మేస్త్రీ, కూలీలు, ఇసక, సిమెంటు అన్నీ మా గుమ్మం ముందే ఉన్నాయి. గోడకి కన్నం కొట్టడం ఒక్క పూట పని. ఇంటాయన కూడా కాదనేవాడు కాదు, అడిగితే. "ముందు కప్పు పడనీ, తరవాత గోడ సంగతి" అన్నాడు నాన్న. కప్పు పడింది. వానలొచ్చాయి. మేస్త్రీ కుమ్హారి ఊరి వేపు ఇంకో పనికి వెళ్ళిపోయాడు.

వానలు వెనకబట్టాక అత్త తన మరిది ఇంటికి వెళ్ళిపోతానంది. ఏ పనీ చెయ్యకుండా కూర్చోలేనంది. అక్కడ మటుకు ఏం పని చేస్తావని నాన్న ఎంతో బతిమాలాడు. స్టేషన్లో రైలు ఎక్కించేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని, "వేసవికి ముందే గోడ కొట్టించీస్తానప్పా. ఒట్టు" అన్నాడు. ఆమె తలూపింది.

మళ్ళీ వేసవి వచ్చింది. నాన్న ఒకసారి మేస్త్రీ కోసం తిరిగాడు, దొరకలేదు. ఒకసారి ఇంటాయన ఊళ్ళో లేడు. డబుల్ డ్యూటీలు పడ్డాయి. తమ్ముడికి చెమటకాయలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం వాడి ఒళ్ళు కాలిపోతోంటే అమ్మ నాన్న వేపు ఊరికే చూసింది. ఆ సాయంత్రం రిక్షా మీద కొత్త కూలర్ వచ్చింది. కొత్తగా పెట్టిన తలుపు మళ్ళీ ఊడదీసి, అదే గుమ్మంలో పెట్టాడు.

"ఈ ఒక్క వేసవికి" అన్నాడు. "ఈసారి తీగ కట్టలేదు, సూడండి. తోసీస్తే పడిపోద్ది" అన్నాడు.

రాత్రి అందరం దాని ముందు హాయిగా నిద్రపోయాం. ఆ తరవాతి వేసవికీ అక్కడే పెట్టాం. ఆ పైదానికీ. సెక్టర్లో ప్లాంటు వాళ్ళ క్వార్టర్ వచ్చి మేం ఆ ఇల్లు వదిలే వరకూ ఆ గుమ్మం ప్రతి వేసవిలోనూ మూసే ఉంది.

నాన్న మంచివాడు కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిర్లక్ష్యం ఉన్న మనిషి కూడా కాదు. ప్లాంటులో హెల్మెట్టు లేకుండా ఎవరైనా కనబడితే అరిచేవాడు. రాబోయే ఆపద వచ్చి తలుపు తట్టి అడగదు. బిడ్డ ఒంటి మీద చెమటకాయలు అడుగుతాయి. ఎవరు ముందు అడిగితే వాళ్ళకే ఇస్తాం. ఇంత అనుభవించాక కూడా. అది నాకు ఈ వయసులో అర్థమవుతోంది గాని, అర్థమైనందువల్ల బాధ తగ్గడం లేదు.

నా పెళ్ళయిన తరవాత ఒకసారి నాన్నతో కలిసి అత్త ఊరు వెళ్ళాను. ఆమె బాగా పెద్దదయిపోయింది. వంకర వేళ్ళ మధ్య గరిటె ఇరికించుకుని మాకోసం తనే వండింది. చేపల పులుసు, పొట్లకాయ వేపుడు. సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. నాన్న పొద్దుణ్ణుంచీ ఏదో చెప్పాలని చూస్తున్నాడు. నాకు తెలుస్తూనే ఉంది. దాళ్వా పంట గురించి మాట్లాడాడు, వానల గురించి మాట్లాడాడు, మరిది కొడుకు ఉద్యోగం గురించి అడిగాడు. మాట అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. ఒకసారి మటుకు "అప్పా, ఆ గోడ…" అన్నాడు.

అత్త వెంటనే, "పులుసులోన ఉప్పు సరిపోయిందేట్రా?" అంది.

ఆమె అడ్డుపడింది దయతోనేనని అప్పుడు అనుకున్నాను. నాన్న తన ముందు తల దించుకోవడం చూడలేక. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఆ మాట వినే ఓపిక ఆమెకి ఇక లేదేమో. లేదా, చెప్పనిస్తే బాగుండేదేమో ఇద్దరికీ.

సాయంత్రం "బేగి ఎల్లండి, బస్సు తప్పిపోద్ది" అని తనే తొందరపెట్టి పంపింది. బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటి, సరుగుడు తోటలు దాటి, చాలా దూరం వచ్చాక నా వేపు తిరక్కుండానే అడిగాడు.

"అప్ప సేతులు సూసినావేటే?"

"చూశాను నాన్నా."

ఆ ఏడే అత్త పోయింది. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. నాన్న ఇంకా చాలా కాలం బతికాడు. ఆమె ఊసు వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.